రిటైరయ్యాక నెలకి 35 వేలలో: కాకినాడా, మదనపల్లా, సొంతూరా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వచ్చే జూన్‌లో మీకు 58 నిండుతాయి, కంపెనీ నుంచి బయటికొస్తారు. పీఎఫ్, గ్రాట్యుటీ, దాచుకున్నది కలిపి 62 లక్షలు. పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఈపీఎస్ పెన్షను నెలకి 5,200. కూకట్‌పల్లిలో అద్దే 24 వేలు కాబట్టి ఇక అక్కడ ఉండలేరు. అబ్బాయి డల్లస్‌లో, అమ్మాయి బెంగళూరులో. మీ ఆవిడకి షుగరు, థైరాయిడ్. మీ మరదలు, తోడల్లుడు సామర్లకోటలో ఉంటారు. నెలకి 35 వేలలో గడవాలి. మీరు అనుకుంటున్న ఊళ్ళు మదనపల్లె, రాజమండ్రి, విజయనగరం, కాకినాడ, నర్సీపట్నం దగ్గర మీ సొంతూరు. ఎక్కడో ఒకచోట 30 లక్షల్లో ఫ్లాటు కొనేస్తే అద్దె గొడవ ఉండదు కదా అని కూడా అడిగారు.

నేను బ్యాంకులో 36 ఏళ్ళు చేసి 2015లో రిటైరయ్యాను. ట్రాన్స్‌ఫర్ల పుణ్యమా అని మదనపల్లెలో మూడేళ్ళు, విజయనగరంలో రెండేళ్ళు, కాకినాడలో అయిదేళ్ళు కాపురం చేశాం. రిటైరయ్యాక సొంతూరు వెళ్ళి, రెండున్నరేళ్ళకి మూటాముల్లే సర్దుకుని వచ్చేసి, ఇప్పుడు తెనాలిలో అద్దెకుంటున్నాం. ముందు ఆ సొంతూరి సంగతి చెప్తాను. మీరు రాసిన దాంట్లో మనసు ఎక్కువగా అటే లాగుతున్నట్టు కనిపించింది.

మాది ప్రకాశం జిల్లా పడమటి మెట్ట. నాన్నగారు కట్టిన పెంకుటిల్లు ఉంది. నాలుగు లక్షలు పెట్టి బాగుచేయించి, 2015 దసరాకి వెళ్ళిపోయాం. అద్దె లేదు. పాలు ఎదురింటి గేదెవి, కరివేపాకు, మునక్కాయలు పెరట్లోవి. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు, అందుకని తాగేనీళ్ళు మాత్రం ప్లాంటు నుంచి క్యాను కొనేవాళ్ళం. బ్యాంకు అలవాటు కొద్దీ రోజూ లెక్క రాస్తాను. మొదటి ఏడాది సగటున నెలకి 11,400 తేలింది. పాత కొలీగ్స్‌కి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను, మీరంతా సిటీలో ఏం చేస్తున్నారయ్యా అని.

2017 సంక్రాంతికి ముందు రోజు తెల్లవారుజామున మా ఆవిడ కళ్ళాపి చల్లి, ముగ్గు డబ్బా కోసం వెనక్కి తిరుగుతూ తడి రాయి మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఎదురింటివాళ్ళ జీపు వెనక సీట్లో పడుకోబెట్టి ఒంగోలు తీసుకెళ్ళాం. 75 కిలోమీటర్లు, రెండు గంటలు. గోతి వచ్చినప్పుడల్లా ఆవిడ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఖర్చు చాలావరకు ఇన్సూరెన్సులో వచ్చింది. అసలు కథ ఆ తర్వాత మొదలైంది. రోజూ ఫిజియోథెరపీ చేయించాలన్నారు. మా ఊళ్ళో అది చేసేవాళ్ళు లేరు, పక్క మండలంలోనూ లేరు. ఒంగోల్లో లాడ్జి గది తీసుకుని 40 రోజులు ఉన్నాం. తర్వాత చూపించుకోడానికి వెళ్ళిన ప్రతిసారీ కారు కిరాయి 3,500. ఆ ఏడాది లెక్క కూడితే నెలకి సగటున 38 వేలు. ఆపరేషన్ ఖర్చు అందులో లేదు. రెండేళ్ళపాటు అద్దె మిగిలిందని మురిసిపోయిన డబ్బంతా లాడ్జికీ కార్లకీ పోయింది.

మనుషుల విషయం కూడా చెప్పాలి. ఊరు నాదే, కానీ నాతో గోళీలాడినవాళ్ళు సగం మంది పిల్లల దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయారు, మిగిలిన సగానికి నాకంటే ఎక్కువ జబ్బులు. సాయం పట్టే వయసు వాళ్ళు ఊళ్ళో పండక్కి మాత్రమే కనిపించేవాళ్ళు. మీ ఊరు అలా లేకపోవచ్చు. ఒక్కసారి పండగ కాని రోజుల్లో వెళ్ళి, ఏ ఇంట్లో నలభై ఏళ్ళ లోపు మగవాడు ఉన్నాడో లెక్కపెట్టి చూడండి.

అందుకే ఎవరైనా నన్ను ఊరు గురించి అడిగితే అద్దె ఎంత అని మొదలుపెట్టను. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే అరగంటలో గుమ్మంలో ఉండే మనిషి ఎవరు అని అడుగుతాను. రెండోది వైద్యం. స్టెంటు వేసే ఆసుపత్రి ఎంత దూరమని అందరూ చూసుకుంటారు, అది చూసుకోవాల్సిందే. పక్షవాతం వస్తే రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాను తీసి చూశాకే. కానీ మన వయసులో డబ్బు, ఓపిక తినేసేది పదే పదే తిరగాల్సిన వైద్యం. డయాలసిస్ అయితే సాధారణంగా వారానికి మూడుసార్లు. ఫిజియోథెరపీ రోజూ. షుగరుకి కళ్ళు, పాదాలు ఏడాదికోసారైనా చూపించుకోవాలి. ఇవన్నీ ఆటోలో వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చే దూరంలో ఉన్నాయా లేవా అన్నదే మీ నెల ఖర్చుని తేలుస్తుంది. తెనాల్లో మా గుమ్మం నుంచి మందుల షాపుకి 212 అడుగులు. మా ఆవిడ చేతికర్రతో నడుస్తూ లెక్కపెట్టింది.

ఇప్పుడు మీ డబ్బు సంగతి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక్కొక్కరికి 30 లక్షల దాకా పెట్టొచ్చు. ఇప్పుడున్న వడ్డీ 8.2 శాతం, మీరు వేసిన రోజున ఉన్న రేటే అయిదేళ్ళూ వస్తుంది. 60 నిండాలని రూలు, కానీ రిటైరైన వాళ్ళు 55 దాటితే చేరొచ్చు. రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేసేయాలి, ఆ డబ్బుకి మించి వేయకూడదు. ఈ మూడు నెలల గడువు చాలామంది పోగొట్టుకుంటారు, కౌంటర్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. 30 లక్షలకి మూడు నెలలకోసారి 61,500, అంటే నెలకి 20,500. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్‌లో జాయింటుగా 15 లక్షలు వేస్తే 7.4 శాతం మీద నెలకి 9,250. ఈపీఎస్ 5,200 కలిపితే 34,950. మీ 35 వేలు వచ్చేశాయి, చేతిలో ఇంకా 17 లక్షలు ఉంటాయి.

ఆ 17 లక్షలు చూసి ఫ్లాటు వైపు మాత్రం వెళ్ళకండి. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళకి ఈ 35 వేల ఖర్చు 70 వేలవుతుంది. ఈపీఎస్ పెన్షను పెరగదు. 17 లక్షలు ఆ రోజుకి, మధ్యలో వచ్చే జబ్బుకి. 30 లక్షలు గోడల్లో పెడితే నెలనెలా వచ్చే 20 వేల ఆదాయం పోతుంది, తప్పేది పది వేల అద్దె. పైగా ఆ ఊరు మీకు పడకపోతే చిన్న టౌన్లో ఫ్లాటు అమ్మడానికి ఏళ్ళు పడుతుంది. మా ఫ్రెండొకాయన నాలుగేళ్ళ నుంచి బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు.

35 వేలు ఎలా ఖర్చవుతాయో ఊహకి అందేలా, పోయిన నెల మా లెక్క ఇదీ. కింది వాటా, రెండు గదులు, హాలు, అద్దె 9,500. పాలు, కూరలు, వెచ్చాలు, గ్యాసు 9,000. మందులు, డాక్టరు ఫీజు 4,200, చవక మందులమ్మే జన ఔషధి షాపులో దొరికేవన్నీ అక్కడే కొంటే. కరెంటు, ఫోన్లు, టీవీ 3,000. పనిమనిషికి 2,000. ఇన్సూరెన్సు ప్రీమియం నెలకి పంచితే 4,500. చదివింపులు 2,500. మొత్తం 34,700. ఆ చివరిది చూసి నవ్వకండి. బంధువుల మధ్య ఉంటే అది తప్పదు, మాఘమాసంలో రెట్టింపవుతుంది.

ఇన్సూరెన్సు ఊరితో ముడిపడిన విషయం, అందుకే ఇక్కడే చెప్తున్నాను. కంపెనీ పాలసీ మీ ఉద్యోగంతోనే పోతుంది. రిటైరవకముందే దాన్ని సొంత పాలసీగా మార్చుకోవడానికి వీలుంటుందేమో హెచ్‌ఆర్‌లో అడగండి. అలా మారితే షుగరుకి మళ్ళీ మొదటినుంచీ వెయిటింగ్ పీరియడ్, అంటే పాత జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని గడువు, పడకుండా చూసుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత పాలసీల మీద జీఎస్టీ లేదు, అదొక ఊరట. కొన్ని కంపెనీలు చిన్న ఊళ్ళ అడ్రసుకి ప్రీమియం తగ్గిస్తాయి, కానీ పెద్ద సిటీలో చేరితే బిల్లులో కొంత శాతం మీరే కట్టాలంటాయి. ఆ షరతు చదవకుండా సంతకం పెట్టొద్దు. 70 నిండితే ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చుకి ప్రభుత్వ ఆయుష్మాన్ కార్డు వస్తుంది, నేను తీసుకున్నాను. మీకింకా పన్నెండేళ్ళుంది.

ఇక ఊళ్ళు. మదనపల్లె నాకు చాలా ఇష్టమైన ఊరు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. మేమున్నప్పుడు మే నెలలో కూడా రాత్రి దుప్పటి కప్పుకునేవాళ్ళం. వందేళ్ళ కిందట క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం శానిటోరియం కట్టింది ఆ గాలి చూసే. టాగూరు 1919లో జనగణమనని ఇంగ్లీషులోకి రాసుకున్నది కూడా ఆ ఊళ్ళోనే. సాయంత్రం కాలేజీ వైపు నడకకి వెళ్తే మనసు తేలికవుతుంది. మీ అమ్మాయి బెంగళూరు అక్కడికి 120 కిలోమీటర్లు, మూడు గంటలు. ఇంత చెప్పాక కూడా మీకు నేను దాన్ని రెండో స్థానంలోనే పెడతాను. నీళ్ళు మొదటి ఇబ్బంది. వర్షం తక్కువ, బోర్లు లోతు. ఎండాకాలం ట్యాంకరు ఎన్ని రోజులకొస్తుందో వీధివాళ్ళని అడగాలి, ఇంటి ఓనర్ని అడిగితే లాభం లేదు. రైలు స్టేషను ఊరికి పది కిలోమీటర్ల పైనే, సీటీఎం అనే ఊరి దగ్గర. పెద్ద జబ్బొస్తే తిరుపతో బెంగళూరో వెళ్ళాల్సిందే. మీకు అక్కడ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అమ్మాయి దగ్గరే కదా అనిపిస్తుంది, కానీ ఇద్దరూ ఉద్యోగాలు చేసే పిల్లలు మూడు గంటల దూరంలో ఉన్నా, పదిహేను గంటల దూరంలో ఉన్నా వచ్చేది లాంగ్ వీకెండ్‌కే.

విజయనగరం మంచి ఊరు. రైల్వే మెయిన్ లైను మీద ఉంది, విశాఖ 60 కిలోమీటర్లు, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. మీకు అక్కడ పనేమీ లేదు, అదొక్కటే లోటు. రాజమండ్రిలో అన్నీ ఉన్నాయి, ఎండ కూడా. మేలో ఒకసారి చూసి మాట్లాడండి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి, ఆ ఏడాది అక్కడ ఇల్లు మారాలని పెట్టుకోవద్దు. మీ లిస్టులో లేనివి రెండు చెప్తాను. తిరుపతిలో స్విమ్స్ పెద్దాసుపత్రి, ఎముకలకి బర్డ్ ఆసుపత్రి ఉన్నాయి, వైద్యం పరంగా ఆ సైజు ఊళ్ళలో దానికి సాటి తక్కువ, కానీ అద్దెలు, జనం పెరిగిపోయారు. మేము తెనాలి ఎంచుకోవడానికి కారణం నాలుగు వైపులా రైళ్ళు, గుంటూరు, విజయవాడ రెండూ గంటలోపు ఉండటం, మంగళగిరి ఎయిమ్స్‌లో పది రూపాయల ఓపీ చీటీ, అన్నిటికంటే ముఖ్యంగా మా బావమరిది రెండు వీధుల అవతల ఉండటం.

అందుకే మీకు కాకినాడ చెప్తున్నాను. మీ మరదలు సామర్లకోటలో ఉంది, పదిహేను కిలోమీటర్లు. ఆస్పత్రిలో చేరితే రాత్రి కాపలాకి మనిషి, ఇంట్లో పడుకుంటే అన్నం క్యారేజీ తెచ్చే మనిషి ఆ దూరంలో ఉన్నారు. ఈ సౌకర్యం ఏ ఊళ్ళో అద్దెకి దొరుకుతుంది? ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. మీ ఆవిడ ఆధార్‌లో అడ్రసు ఏపీకి మార్పించండి, అక్కాచెల్లెళ్ళు వారానికోసారి కలుసుకోవడానికి పైసా ఖర్చుండదు.

కాకినాడని పెన్షనర్ల స్వర్గం అని ఊరికే అనలేదు. రామారావుపేట, గాంధీనగర్ వైపు వీధులు తిన్నగా, నడవడానికి వీలుగా ఉంటాయి. మేమున్నప్పుడు ప్రతి మూడో ఇంటి అరుగు మీద ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు పేపరు చదువుతూ కనిపించేవారు. రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నుంచి ఉంది, దానికి అనుబంధంగా పెద్ద ప్రభుత్వాసుపత్రి, దాని చుట్టూ పుట్టుకొచ్చిన ప్రైవేటు ఆసుపత్రులు, ల్యాబులు. గౌతమి ఎక్స్‌ప్రెస్ కాకినాడలో రాత్రి ఎక్కితే తెల్లారి లింగంపల్లి, అంటే మీ కూకట్‌పల్లి స్నేహితుల దగ్గరికి దారి ఉన్నట్టే. బెంగళూరుకి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, దాదాపు ఒక రోజు ప్రయాణం. విమానం కావాలంటే రాజమండ్రి దగ్గర మధురపూడి, రోడ్డు మీద గంటన్నర పైన. ఈ మాత్రానికి కారు మెయింటెయిన్ చేయాల్సిన అవసరం లేదు. ఉన్నది అమ్మేయండి.

లోపాలు లేవని కాదు. ఉక్క చంపేస్తుంది, ఏసీ లేకుండా ఏప్రిల్, మే గడవవు, కరెంటు బిల్లు ఆ రెండు నెలలూ చూసుకోవాలి. దోమలు. సముద్రం వైపు వీధుల్లో కొన్ని బోర్లలో ఉప్పునీళ్ళు పడతాయి. బకెట్‌లో సబ్బు నురగ రాకపోతే అదే గుర్తు. తుపాన్లు ఉన్నాయి. 2025 అక్టోబరులో మొంథా తుపాను కాకినాడ వైపే వస్తోందన్నప్పుడు అక్కడున్న మా పాత స్నేహితులు రెండు రోజులు నిద్రపోలేదు. 2024 సెప్టెంబరులో ఏలేరు వరద పిఠాపురం వైపు పొలాల్నీ ఊళ్ళనీ ముంచింది, అదే నెలలో విజయవాడలో బుడమేరు ఏం చేసిందో మీరూ టీవీలో చూసే ఉంటారు. కాబట్టి వీధి చూసుకునేటప్పుడు కిరాణా కొట్టాయన్ని అడగండి: ‘పెద్ద వానొస్తే నీళ్ళు మీ కొట్టు ఏ మెట్టు దాకా వస్తాయండీ?’ ఆయన చెయ్యి పెట్టి చూపిస్తాడు. ఇంటి బ్రోకరు ఎప్పటికీ చూపించడు.

ఇల్లు కింది వాటా తీసుకోండి, లేదా లిఫ్టుకి జనరేటరున్న అపార్టుమెంటు. బాత్రూములో గచ్చు నున్నగా ఉంటే అడ్వాన్సు ఇవ్వకముందే గరుకు టైల్సు వేయించమనండి, గోడకి పట్టుకునే రాడ్డు మీరే వేయించుకోండి, అయిదారు వందల పని. మా ఆవిడ తుంటి ఎముక నేర్పిన పాఠం ఇది. 11 నెలల అగ్రిమెంటుకి మించి రాయొద్దు.

పెన్షను కోసం హైదరాబాదు తిరగాలేమో అని టెన్షన్ పడ్డారు. అక్కర్లేదు. 2025 జనవరి నుంచి ఈపీఎస్ పెన్షను దేశంలో ఏ బ్యాంకు, ఏ బ్రాంచిలోనైనా తీసుకోవచ్చు. బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు ఫోన్లో మొహం చూపించి ఇంట్లో నుంచే ఇచ్చేయొచ్చు. మొదటిసారి మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి, వెలుతురు చాలకపోతే యాప్ మన మొహాన్ని ఒప్పుకోదు.

జూన్ దాకా టైముంది కదా. మే మొదటి వారంలో పది రోజులు సెలవు పెట్టి కాకినాడ వెళ్ళండి. కూరల బజారుకి నడిచి వెళ్ళండి, మీ ఆవిడ షుగరు టెస్టు అక్కడి ల్యాబులో చేయించి, అక్కడి డాక్టరుకి చూపించండి, ఒక మధ్యాహ్నం ఏసీ లేకుండా పడుకుని చూడండి. మళ్ళీ అక్టోబరు, నవంబరు వానల్లో ఇంకో పది రోజులు. అప్పటిదాకా కూకట్‌పల్లి ఇల్లు ఖాళీ చేయొద్దు, నాలుగు నెలల అద్దె ఎక్కువైనా పర్వాలేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, వెళ్ళినప్పుడు సామర్లకోటలో మీ తోడల్లుడింట్లో దిగొద్దు. ఊళ్ళోనే గది తీసుకోండి. వాళ్ళింట్లో దిగితే పది రోజులూ కాజాలు, మర్యాదలతో గడిచిపోతాయి. ఎండ తెలీదు, నీళ్ళు తెలీవు, కరెంటు పోయిందో లేదో కూడా తెలీదు.